చెత్త తినే పురుగుకు సీసం, కాడ్మియం అరుగుతాయా?

వలీమా దావత్ ముగిసి, చివరి బంతి లేచి, వంటోళ్లు దేగ్‌లు కడుక్కునే వేళకు ఫంక్షన్ హాల్ వెనక డ్రమ్ములు నిండిపోయి ఉంటాయి. ఎంగిలి బిర్యానీ, ఎముకలు, ఉల్లి తొక్కలు, సగం తిని వదిలేసిన ఖుబానీ కా మీఠా. వాటి మధ్యలోనే నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు, సిగరెట్ పీకలు, రంగు కాగితాలు, ఎక్కడో ఒక మూల పాడైపోయిన సెల్ బ్యాటరీ. తెల్లారేసరికి బండి వచ్చి ఎత్తుకుపోతుంది. ఆ తర్వాత అదంతా ఏమవుతుందని ఎవరూ అడగరు.

ఈమధ్య ఈ చెత్తకు కొత్త గిరాకీ వచ్చింది. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పిల్లలు, అంటే లార్వాలు, దీన్ని తిని కరిగించేస్తాయని వీడియోలు తిరుగుతున్నాయి. ఏ చెత్త వేసినా తినేస్తుంది, రెండు వారాల్లో ఇటు ఎరువు, అటు కోళ్లకు దాణా చేతికొస్తాయి, ఇంట్లో కూర్చుని సంపాదించొచ్చు అని చెబుతారు. ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్లకు, ఇంటి మీద నాలుగు కోళ్లు పెంచుకునే వాళ్లకు ఆ మాట బాగానే ఎక్కుతోంది. చెప్పే దాంట్లో చాలా మటుకు నిజమే. తేడా అంతా 'ఏ చెత్త వేసినా' అన్న మాట దగ్గర వస్తుంది. చెత్తలో సీసం, కాడ్మియం లాంటి భార లోహాలు కలిసి ఉంటే కథ మారిపోతుంది.

పని మంతమే, అనుమానం లేదు

ముందు ఈ ఈగ గురించి మంచి చెప్పుకోవాలి. దీని శాస్త్రీయ నామం హెర్మీషియా ఇల్యూసెన్స్. పుట్టిల్లు అమెరికా ఖండాలు. ఇప్పుడు వేడి ఉన్న దేశాలన్నిటా కనిపిస్తుంది. చూడటానికి సన్నటి నల్ల కందిరీగలా ఉంటుంది కానీ కుట్టదు, కరవదు. ఇంటి ఈగలా అన్నం మీదా, గాయం మీదా వాలే రకం కాదు. రెక్కలొచ్చాక దానికి తిండి మీద ధ్యాసే ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతో కొద్ది రోజులు బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి పోతుంది. ఒక్క ఆడ ఈగ ఐదారు వందల గుడ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెడుతుంది. అదీ చెత్త మీద కాదు, పక్కనున్న పొడి సందుల్లో.

నాలుగు రోజులు అటూ ఇటుగా గుడ్డు పగిలి లార్వా బయటికొస్తుంది. అక్కడి నుంచి రెండు వారాల పాటు దానికి తినడం తప్ప వేరే పని లేదు. తిండి చాలనుకున్నాక రంగు ముదిరి, చెత్తలోంచి తనంతట తానే పాక్కుంటూ పొడి చోటుకి వచ్చేస్తుంది. తొట్టికి ఒక వాలు పెడితే చాలు, పంట దానంతట అదే వచ్చి డబ్బాలో పడుతుంది.

స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ అనే పరిశోధన సంస్థ ఇండోనేషియాలోని సిదోఆర్జోలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపి చూసి, 2017లో ఎవరైనా చదివి చేసుకునేలా ఒక గైడు వేసింది. దాని లెక్కలో ఐదు రోజుల వయసున్న 10,000 లార్వాలకు 12 రోజుల్లో 15 కిలోల పచ్చి చెత్త. చెత్త బరువు సగానికి, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగిపోతుంది. ఆరబెట్టిన లార్వాలో దాదాపు 40 శాతం మాంసకృత్తులు, 30 శాతం దాకా కొవ్వు ఉంటాయి. ఏం తిని పెరిగిందన్న దాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. కోళ్లకు, చేపలకు ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో మేలు కూడా ఉంది. లార్వాలు తిరిగిన చెత్తలో సాల్మొనెల్లా లాంటి రోగ క్రిములు తగ్గుతాయని ప్రయోగాల్లో తేలింది. అందుకే జనం ఒక అడుగు ముందుకేసి, క్రిములనే చంపేది విషాన్ని మాత్రం వదులుతుందా అనుకుంటారు. అక్కడే పొరపాటు పడుతున్నారు.

విరగని వస్తువు

అన్నం, మాంసం, తొక్కలు ఇవన్నీ విరిగి వేరే పదార్థాలుగా మారతాయి. కొంత లార్వా ఒంట్లో కొవ్వుగా చేరుతుంది, కొంత ఆవిరిగా, గాలిగా పోతుంది. కాడ్మియం అలా కాదు, అది మూలకం. ఉడికించినా, కాల్చినా, పురుగు తిన్నా కాడ్మియం కాడ్మియమే. సీసం, పాదరసం, ఆర్సెనిక్ కూడా అంతే. ఖాతా పుస్తకంలో డబ్బు ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి మారుతుంది గానీ మాయం కాదు కదా, ఇదీ అంతే. చెత్తలో ఉన్న లోహం చివరికి మూడు పద్దుల్లోనే తేలుతుంది. లార్వా ఒళ్లు, అది విడిచే చర్మం, తొట్టిలో మిగిలే నల్లటి పొడి. మూడూ కలిపితే మొదట ఉన్నంత రావాల్సిందే.

మరి ఏ పద్దులోకి ఎంత పోతుంది? ఈ ప్రశ్న మీద బాగా తెలిసిన పని 2015లో వచ్చింది. ఈవాగ్‌తో పనిచేసిన స్టెఫాన్ డీనర్, క్రిస్టియన్ జుర్‌బ్రూగ్, క్లెమెంట్ టొక్నర్ కోళ్ల దాణాలో కొలిచి మరీ కాడ్మియం, సీసం, జింక్ కలిపి ఈ లార్వాలకు తినిపించారు. పెరిగాక వాటి ఒంట్లో ఎంతుందో చూశారు. కాడ్మియం దాణాలో ఉన్నదానికి 2.32 నుంచి 2.94 రెట్లు చేరింది. జింక్‌లో దాణాలో మోతాదు పెరిగే కొద్దీ ఒంట్లో చేరే వంతు తగ్గింది. 0.97 నుంచి 0.39కి దిగింది. సీసం దాణాలో ఉన్నదానికంటే చాలా తక్కువే కనిపించింది.

జింక్ శరీరానికి కొంత అవసరమైన లోహం. కావలసినంత తీసుకుని మిగతాది బయటికి నెట్టే ఏర్పాటు పురుగు దగ్గర ఉంది. కాడ్మియం విషయంలో ఆ కాపలా పనిచేయదు. కాల్షియం లోపలికి వెళ్లే దారుల్లోనే అదీ దూరిపోతుందని శాస్త్రవేత్తల వివరణ. సీసం మీద మాత్రం అందరి మాటా ఒకటి కాదు. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు తక్కువ మోతాదులతో ఇలాంటి ప్రయోగమే చేస్తే వాళ్లకు కాడ్మియంతో పాటు సీసం కూడా లార్వా ఒంట్లో పోగుపడినట్టు కనిపించింది. ఆర్సెనిక్ పోగుపడలేదు. కాబట్టి సీసం లార్వాలోకి ఎక్కదులే అని ధైర్యంగా చెప్పేవాళ్ల మాట పూర్తిగా నమ్మే వీల్లేదు.

డీనర్ బృందం ప్రయోగంలో అన్నిటికంటే ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. లోహం తిన్న లార్వాల బరువు తగ్గలేదు, ఎదగడానికి పట్టే రోజులు చెప్పుకోదగ్గంత మారలేదు, ఆడా మగా లెక్క కూడా మామూలుగానే ఉంది. అంటే కాడ్మియం పట్టిన లార్వా, పట్టని లార్వా పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా బొద్దుగా, చలాకీగా ఉంటాయి. పురుగులు బాగున్నాయి కాబట్టి చెత్త మంచిదే అనుకునే రైతుకు ఏ సూచనా దొరకదు.

ఒక చిన్న లెక్క

కాగితం మీద వేసి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇది ఉదాహరణ మాత్రమే, ఏ ఊరి చెత్త లెక్కా కాదు. తడి తీసేసిన చెత్త 100 కిలోలు ఉందనుకుందాం. కిలోకి 1 మిల్లీగ్రాము కాడ్మియం. మొత్తం 100 మిల్లీగ్రాములు. లార్వాలు తిన్నాక ఎండు లార్వాలు 20 కిలోలు వచ్చాయి, తొట్టిలో 40 కిలోలు మిగిలింది, మిగతా 40 కిలోలు గాలిలో కలిసిపోయింది. లార్వాలో కాడ్మియం రెండున్నర రెట్లు చేరితే కిలోకి 2.5 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల్లో 50 మిల్లీగ్రాములు. తొట్టిలో మిగిలిన 40 కిలోల్లో ఇంకో 50, అంటే కిలోకి 1.25.

గమనించారా? చెత్తలో కిలోకి 1 ఉన్నది లార్వాలోనూ పెరిగింది, మిగిలిన ఎరువులోనూ పెరిగింది. బరువు తగ్గింది, లోహం తగ్గలేదు. అందుకే రెండు చోట్లా చిక్కబడింది.

ఇప్పుడు దీన్ని చట్టాల పక్కన పెట్టండి. మన దేశంలో ఫర్టిలైజర్ కంట్రోల్ ఆర్డర్ ప్రకారం సిటీ కంపోస్టులో కిలోకి కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు. పై ఉదాహరణలోని చెత్త గానీ, మిగిలిన ఎరువు గానీ ఆ పరీక్షలో దర్జాగా పాసవుతాయి. కానీ యూరప్‌లో జంతువుల నుంచి వచ్చే దాణా సరుకులో కాడ్మియం కిలోకి 2 దాటకూడదు. కోళ్లకు నేరుగా వేసే పూర్తి దాణాలో అయితే 0.5 మాత్రమే. అదే చెత్త తిన్న లార్వా 2.5 దగ్గర ఉంది. ఎరువుగా పనికొచ్చే చెత్త దాణా చేయడానికి కూడా పనికొస్తుందని ఏమీ లేదు. 'మా చెత్తకు కంపోస్టు టెస్ట్ రిపోర్టు ఉంది' అనే మాట దాణా అమ్మేవాళ్ల నోట వస్తే అది చెల్లని కాగితమే.

సీసం కథ తిరగేసి ఉంటుంది. అది లార్వాలోకి ఎక్కువగా పోకపోతే తొట్టిలోనే ఉండిపోతుంది. చెత్తలో కిలోకి 45 ఉన్న సీసం, బరువు 100 నుంచి 40కి దిగాక 112 దాకా పోవచ్చు. పాసైన చెత్త ఫెయిలైన ఎరువుగా మారడమంటే ఇదే.

అన్నంలోకి లోహం ఎలా వస్తుంది?

ఇంట్లో వండిన అన్నంలో, తరిగిన కూరగాయల తొక్కల్లో భయపడేంత లోహం సాధారణంగా ఉండదు. ఒకే డబ్బాలో అన్నీ కలిపినప్పుడే ఎక్కువగా చేరుతుంది. పాత రకం రీఛార్జి బ్యాటరీల్లో కాడ్మియం, బండి బ్యాటరీల్లో సీసం, ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటాయి. పాత పెయింటు పెచ్చులు, రంగు వేసిన ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డు ముక్కలు కూడా వీటికి తోడు. పొగాకు మొక్క నేలలోంచి కాడ్మియాన్ని బాగా లాక్కుంటుంది, కాబట్టి బీడీ పీకలు కూడా లెక్కలోకే వస్తాయి. కోళ్ల దాణాలో జింక్, రాగి కలుపుతారు కాబట్టి కోళ్ల పెంటలో ఆ రెండూ ఉంటాయి. ఇక ఫ్యాక్టరీల మురుగు కలిసే కాలువ నీటితో పెరిగిన పంట సంగతి వేరే. హైదరాబాద్‌లో మూసీ నీటితో పెంచే పశువుల గడ్డి, ఆకుకూరల మీద పరిశోధకులు ఏళ్ల తరబడి దృష్టి పెట్టింది అందుకే.

కాడ్మియం అంటే ఎందుకంత జాగ్రత్త? మనిషి ఒంట్లోకి ఒకసారి చేరితే సగం బయటికి పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. ఎక్కువగా కిడ్నీల్లో తిష్ఠ వేస్తుంది. జపాన్‌లో తొయామా ప్రాంతంలో కమియోకా గని నుంచి జింజు నదిలోకి కాడ్మియం కొట్టుకొచ్చి, ఆ నీళ్లు పారిన పొలాల బియ్యం తిన్న వాళ్లకు ఎముకలు పెళుసెక్కి, కదిలితే విరిగే దశకు వచ్చాయి. ఎక్కువ మంది వయసు మళ్లిన ఆడవాళ్లే. నొప్పికి వాళ్లు పెట్టిన కేకే ఆ జబ్బు పేరయింది, ఇతాయ్ ఇతాయ్. 1968లో జపాన్ ప్రభుత్వం దీన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. నాలుగు లార్వాలు తిన్న కోడిని తింటే అలా అవుతుందని కాదు. అది గని కాలుష్యం, ఏళ్ల తరబడి రోజూ తిన్న అన్నం. కాకపోతే కాడ్మియం మోసం చేసే తీరు అదే, మెల్లగా పోగుపడటం.

జంతువుల్లోనూ అది కండలో కంటే కాలేయంలో, కిడ్నీల్లోనే ఎక్కువ చేరుతుంది. యూరప్ చట్టం కోడి మాంసంలో కిలోకి 0.05 మిల్లీగ్రాములు, కాలేయంలో 0.5, కిడ్నీలో 1 దాకా ఒప్పుకోవడమే దీనికి గుర్తు. కలేజీ, గుర్దా ఇష్టంగా తినే ఇళ్లు మనవి. బక్రీద్ నాడు పొయ్యి మీదికి ముందు ఎక్కేది కలేజీయే. కాబట్టి మేత సంగతి మన వంటింటికి దూరం కాదు.

మరి కలుషితమైన చెత్తకు లార్వాలు పనికిరావా?

వస్తాయి. కాకపోతే దాణా కోసం కాదు, శుద్ధి కోసం. ఈ తేడా ముందే తేల్చుకోవాలి. 2018లో పోలండ్ శాస్త్రవేత్తలు కాడ్మియం, జింక్ పట్టిన మొక్కజొన్న ఆకులను కంపోస్టు చేసి ఈ లార్వాలకు పెట్టి చూశారు. నేలలోని లోహాన్ని మొక్కలతో లాగించడం పాత పద్ధతి. ఆ మొక్కలు గుట్టలుగా పేరుకుంటే ఏం చేయాలన్నదే చిక్కు. పురుగులతో వాటి బరువు తగ్గించి, కాడ్మియాన్ని పురుగు ఒంట్లోకి లాగించవచ్చన్నది వీళ్ల ఆలోచన. కోళ్ల దాణాలో దోషమైన గుణం ఇక్కడ పనికొస్తోంది. పది బండ్ల విషపు చెత్త ఉన్న చోట నాలుగు బండ్లే మిగిలితే దాన్ని జాగ్రత్తగా పాతిపెట్టడం తేలిక.

లార్వాలోని కొవ్వు కూడా వృథా పోనక్కర్లేదు. లోహం ఎక్కువగా మాంసకృత్తుల వైపే అంటుకుని ఉంటుంది, నూనెలోకి చాలా తక్కువ వస్తుంది. ఆ నూనెతో బయోడీజిల్ చేసుకోవచ్చు. కానీ పిండి సంగతి చూడండి. పై లెక్కలోని 20 కిలోల లార్వాల్లోంచి 6 కిలోల నూనె తీస్తే 14 కిలోల పిండి మిగులుతుంది. 50 మిల్లీగ్రాముల కాడ్మియం దాదాపుగా దాంట్లోనే ఉంటుంది, అంటే కిలోకి మూడున్నర. నూనె తీసిన పిండి అని అందంగా ప్యాక్ చేసి అమ్మితే లార్వా కంటే అదే ప్రమాదం. దాన్ని, తొట్టిలోని పొడిని, విడిచిన చర్మాలను ప్రమాదకర వ్యర్థంలాగే వదిలించుకోవాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది ముందే రాసుకోని ప్రాజెక్టు ఏదైనా చివరికి ఆ పిండిని సంతలోకే తోస్తుంది. లాభనష్టాల లెక్క అటే నెడుతుంది.

మన రాష్ట్రాలకు ఇది రెండు వైపుల నుంచి తగులుతుంది. తెలంగాణలో, ఆంధ్రలో కోళ్ల ఫారాలు ఎక్కువ. రొయ్యల సాగులో దేశంలోనే ఆంధ్రప్రదేశ్ ముందుంది. రొయ్యల మేతలో చేపల పిండి ఖరీదు, దాని బదులు పురుగుల పిండి వాడొచ్చని ప్రపంచమంతా చూస్తోంది. యూరప్ 2017లో చేపల మేతకు, 2021లో కోళ్ల దాణాకు పురుగుల పిండిని అనుమతించింది. కానీ ఆ పురుగులకు హోటళ్ల ఎంగిలి, పెంట తినిపించడానికి మాత్రం అక్కడ ఒప్పుకోరు. అదే యూరప్ రొయ్య మాంసంలో కాడ్మియం కిలోకి 0.5 మిల్లీగ్రాములు దాటితే తీసుకోదు. భీమవరం చెరువులో వేసే మేత సంచిలో ఏముందన్నది అక్కడి ఓడరేవులో తేలుతుంది.

మూడు రోజుల కట్టడి చాలా?

ఈ విషయం వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో ఇంకో ప్రశ్న లేస్తుంది. పురుగు తిన్నది నజిస్, ఆ పురుగును కోడి తింది, మరి కోడి హలాలేనా అని. మురికి తినడం అలవాటైన జంతువును ఫిఖ్హ్‌లో జల్లాలా అంటారు. దాని మాంసం, పాలు వద్దని హదీసుల్లో వచ్చింది. దానికి ఉలమా చూపిన దారి, కొన్నాళ్లు కట్టేసి శుభ్రమైన మేత పెట్టడం. హనఫీ పుస్తకాల్లో కోడికి 3 రోజులు, మేకకు 4, ఆవుకు, ఒంటెకు 10 అని చెబుతారు. లార్వా తిన్న కోడి జల్లాలా కిందికి వస్తుందా రాదా అన్నది ముఫ్తీలు తేల్చాల్సిన మాట. అయితే ఆ గడువు వెనక ఉన్న కారణం వాసన, మురికి ప్రభావం పోవడం. కాడ్మియానికి వాసన లేదు, మూడు రోజుల్లో కాలేయం వదిలి పోదు కూడా. ముఫ్తీ సాబ్ దగ్గరికి వెళ్లేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పి అడిగితే ప్రశ్న పూర్తవుతుంది.

లార్వాల పని మొదలుపెట్టాలనుకునే వాళ్లకు దారి మూసుకుపోలేదు. వంటింటి తొక్కలు, మార్కెట్లో వాడిపోయిన కూరగాయలు, పిండి మిల్లు తవుడు లాంటి విడిగా తెచ్చిన సరుకుతో మొదలుపెడితే భయం తక్కువ. కలిసిపోయిన మున్సిపాలిటీ చెత్త, మురుగు బురద, ఎక్కడిదో తెలియని పెంట దాణా తొట్టిలోకి రాకూడదు. లార్వాల పొడి కొనేవాళ్లు చెత్త రిపోర్టు కాదు, ఎండు లార్వా మీద చేసిన రిపోర్టు అడగాలి. అందులో కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, పాదరసం విడివిడిగా ఉండాలి. బ్యాచ్ మారితే చెత్తా మారుతుంది, కాబట్టి పోయిన ఏడాది కాగితం ఈ ఏడాదికి చెల్లదు.

2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడుగా విడగొట్టమన్నాయి. ఆ మూడో డబ్బా చాలా ఇళ్లలో లేనే లేదు. ఫంక్షన్ హాల్ వెనక అసలు కనిపించదు. దావత్ బుక్ చేసేటప్పుడు మెనూ మీద గంటసేపు బేరమాడే పెద్దలు, ఎంగిలికి ఒక డ్రమ్ము, గ్లాసులకు ఒకటి, బల్బులకు, బ్యాటరీలకు ఒక చిన్న డబ్బా పెట్టమని హాల్ వాళ్లకు అదే రోజు చెప్పొచ్చు.